మేడం నాలుగో ముక్క

ఆదివారం మధ్యాహ్నం సూర్యాపేట క్లబ్బులో బ్రిడ్జి ఆడుతున్నాం. ఎదుటి జట్టు మూడు నో ట్రంప్ అని పాట ముగించింది. తొలి ముక్క నేను వేయాలి. అప్పుడే జేబులో ఫోను కదిలింది. మిర్యాలగూడ నుంచి మేడం చెల్లెలు పంపిన మెసేజ్. అక్క పొద్దున నిద్రలోనే పోయిందనీ, బుధవారం ఇంటి దగ్గర ప్రార్థన కూడిక పెట్టామనీ, మీరు తప్పక రావాలనీ.

ముక్కలు చేతిలో పట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. ఎడమవైపు ఆయన గొంతు సవరించుకున్నాడు. కుడివైపు ఆయన కాసేపు చూసి, "వకీల్ సాబుకు మేడం గాలి సోకింది," అని నవ్వాడు. తొలి ముక్క వేయడానికి అంతసేపు తీసుకునే మనిషి ఉమ్మడి జిల్లా మొత్తానికి ఆమె ఒక్కతే. పాపం, ఆయనకు కబురు తెలియదు. ఫోను ఆయన ముందుకు జరిపాను. చదువుకొని ముక్కలు బోర్లించాడు. ఆ రోజు ఆట అక్కడితో సరి.

బ్రిడ్జి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి, లేకపోతే మేడం అర్థం కాదు. నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్క వేసినవాళ్ళది ఆ పట్టు. ముందు వేలంపాటలాగా పాట నడుస్తుంది. మూడు నో ట్రంప్ అంటే, తురుఫు లేకుండా పదమూడు పట్లలో తొమ్మిది మేం పడతామని మాట ఇవ్వడం. అలా మాట ఇచ్చిన జట్టులో ఒకరు ఆడతారు, రెండోవారు తమ ముక్కలు బల్ల మీద పరిచి చూస్తూ కూర్చుంటారు. చిక్కంతా ఏమిటంటే, ఆ ముక్కలు పరవకముందే ఎదుటి జట్టులో ఒకరు తొలి ముక్క వేయాలి. తన చేతిలో ఉన్నవి తప్ప ఇంకేమీ కనబడవు. గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అందుకని పెద్దవాళ్ళు ఒక సూత్రం పెట్టారు. నీ చేతిలో ఏ రంగు ముక్కలు ఎక్కువున్నాయో చూడు, అదే నీ పొడుగు రంగు, అందులో పైనుంచి లెక్కపెట్టి నాలుగోది వెయ్యి. దాన్నిబట్టి నీ పార్ట్‌నర్ నీ చేతిలో ఏముందో పోల్చుకుంటాడు. ఈ సూత్రాన్ని మేమందరం ట్రాఫిక్ సిగ్నల్‌ను పాటించినట్టు పాటిస్తాం, అంటే పోలీసు ఉంటేనే. మేడం ఒక్కతే ఎప్పుడూ తప్పేది కాదు.

ఆమె మిర్యాలగూడలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఎడమ కాలువ క్వార్టర్లలో ఇంజనీర్ల భార్యలకు ఒకప్పుడు నాలుగో మనిషి దొరక్క, కొత్తగా వచ్చిన టీచరమ్మను కూర్చోబెట్టి ఈ ఆట నేర్పారట. ఆ ఇంజనీర్లు బదిలీ అయిపోయారు, ఆట ఈమెకు ఉండిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఆడే నలుగురూ కుదిరిపోయి ఉన్నారు. సూర్యాపేటలో అప్పటికి మేం ముగ్గురమే. అలా ప్రతి ఆదివారం బస్సులో మా ఊరొచ్చేది. ఆడమనిషిని కార్డు రూములోకి రానిచ్చిన విశాల హృదయం మాదని మేం చెప్పుకునేవాళ్ళం. నిజానికి నాలుగో మనిషి లేకపోవడం మా విశాల హృదయానికి కారణం.

ఆమె తొలి ముక్క వేయడం, మా భాషలో లీడు, ఒక తంతు. ముందు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచేది. తర్వాత, "ఎవలెవలు ఏమేమి పాడిండ్రో ఇంకొక్కసారి చెప్పుండ్రి," అనేది. అడగడానికి ఆమెకు హక్కుంది, చెప్పడం మా బాధ్యత. చెప్పేవాళ్ళం. కళ్ళు మూసుకొని వినేది. ఆ తర్వాత కుడి చేతి బొటనవేలు ముక్కల అంచుల మీద ఎడమ చివర నుంచి నడిచేది, పెదవులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కదిలేవి. నాలుగో దగ్గర ఆగేది. మళ్ళీ మొదటికి వెళ్ళేది. ఈలోపు సిగరెట్టు తాగేవాళ్ళు బయటికి వెళ్ళి తాగి వచ్చేవారు. క్యాంటీన్ ఆయన, మేడం లీడు మొదలుపెట్టిందని తెలిస్తే, చాయ్ అప్పుడే పొయ్యి మీద పెట్టేవాడు. సరిగ్గా ముక్క పడే వేళకు కప్పులు వచ్చేవి.

ముక్కను బోర్లా పెట్టి, నా వైపు చూసి, "అడిగేదేమన్న ఉన్నదా పార్ట్‌నర్," అనేది. అదీ రూలే. తొలి ముక్కను బోర్లా పెట్టి, జోడీదారుకు సందేహాలేమీ లేవంటేనే తిప్పాలి. మా దగ్గర ఎవరికీ ఆ అలవాటు లేదు. ఎవరి వంతో చూసుకోకుండా పొరపాటున ముక్క వేసినా, బోర్లా ఉంటే వెనక్కి తీసుకోవచ్చని ఆమె వాదన. నేను ప్రతిసారీ గంభీరంగా, "లేదు మేడం," అనేవాణ్ణి. అప్పుడు తిప్పేది. తిప్పిన ముక్క ఎప్పుడూ పొడుగు రంగులో నాలుగోదే.

ఒక ఆదివారం ఇలాగే ఆమె బొటనవేలు నడుస్తుండగా ఎస్సై లోపలికి వచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు. క్లబ్బులో పేకాట నడుస్తోందని ఎవరో ఫోన్ చేశారట. మా ముగ్గురి ముఖాలూ పాలిపోయాయి. మర్నాడు పేపర్లో పేకాటరాయుళ్ళ ఫోటోలో తలవంచుకొని నిలబడటం, ఆ ఫోటో నా క్లయింట్లు చూడటం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మేడం మాత్రం తల ఎత్తకుండా, "ఒక్క నిమిషం ఆగు నాయనా, లీడ్ నాది," అంది. ఆ అబ్బాయి నిజంగానే ఆగాడు. హెడ్‌మిస్ట్రెస్ గొంతు ఎక్కడైనా పనిచేస్తుంది.

ముక్క వేశాక అతను పైసలెక్కడని అడిగాడు. లేవన్నాం. స్కోరు కాగితం తీసుకొని, ఈ నాలుగు వందలేంది, ఈ ఆరు వందలెవరివి అన్నాడు. అవి పాయింట్లని నేను నా వకాల్తా తెలివంతా పెట్టి చెప్పినా నమ్మలేదు. నలుగురు పెద్దమనుషులు పైసా లేకుండా మధ్యాహ్నమంతా పేకాడతారంటే ఎవరు నమ్ముతారు. చివరికి మేడాన్నే అడిగాడు.

"పైసలే లేకుంటే, ఒక్క ముక్క వెయ్యనీకి గింతసేపు ఎందుకు ఆలోచిస్తున్నరు మేడం?"

"పైసలైతే గింత ఆలోచన ఎందుకు నాయనా, పోతే పోతయి. ఇది పార్ట్‌నర్‌కు ఇచ్చే మాట. అబద్ధం కావొద్దు గద."

ఆ అబ్బాయికి ఏం అర్థమైందో గానీ టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

నేను వకీలును. నిజాన్ని అవసరం మేరకు వాడుకునే వృత్తి నాది. అలాంటివాడికి దేవుడు ఇలాంటి పార్ట్‌నర్‌ను ఇచ్చాడు. ఆమె నిజం వల్ల నాకెంత మేలయ్యేదో ఎదుటివాళ్ళకూ అంతే అయ్యేది, అదీ నా బాధ. బల్ల మీద పడ్డ ముక్క అందరికీ కనబడుతుంది. మేడం కళావరు అయిదు వేసిందంటే అంతకంటే పెద్ద కళావర్లు మూడు ఆమె దగ్గరున్నాయని నాతోపాటు వాళ్ళకూ తెలిసిపోతుంది. ఈ గుట్టు అందరికంటే బాగా పట్టినవాళ్ళు కోదాడ జోడీ.

వాళ్ళు బావా బావమరుదులు. రైసు మిల్లు వాళ్ళది. ఏటా ఒకసారి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జట్లకు పోటీ ఉండేది, గెలిచినవాళ్ళకు ఒక షీల్డు. కొయ్య మీద ఇత్తడి రేకు కొట్టిన షీల్డు, బజార్లో అమ్మితే ఆ కొయ్య ధర కూడా రాదు. ఏటా మేం చివరిదాకా వచ్చేవాళ్ళం, ఏటా కోదాడ వాళ్ళ చేతిలో ఓడిపోయేవాళ్ళం. బావగారు మేడానికి ఎదురుగా ఎప్పుడూ నో ట్రంపే పాడేవాడు. ఆమె ముక్క తిప్పగానే కళ్ళు చికిలించి, మీ దగ్గర ఇవీ ఇవీ ఉన్నాయి కదండీ మేడం గారూ అని పేరుపేరునా చెప్పేవాడు. అన్నీ సరిపోయేవి. టీచరమ్మలు నవ్వినట్టు నవ్వి, అవునండీ అనేది. బస్టాండుకు నడిచే దారిలో మాత్రం మాట్లాడేది కాదు. ఒక్కసారి వాళ్ళను గెలవాలని ఆమెకు ఎంత కోరికో ఆ మౌనంలో తెలిసేది.

నేను ఎన్నోసార్లు చెప్పి చూశాను. ఒక్కసారి నాలుగోది కాకుండా ఇంకేదన్నా వేయండి, ఆయన లెక్క తలకిందులైతది, షీల్డు మనదైతది అని. పుస్తకాల్లో కూడా అలా వేయొచ్చని ఉందని, చేతిలో బలం లేనప్పుడు మన పొడుగు రంగు వదిలేసి పార్ట్‌నర్ రంగు ఊహించి వేయడం పెద్ద ఆటగాళ్ళ పద్ధతని రుజువులతో సహా వాదించాను. సావధానంగా విన్నది. "నీకు అబద్ధం జెప్పి వాళ్ళను గెలిస్తే, ఇగ వచ్చే ఆదివారం నేను ఏం వేసినా నువ్వు నమ్ముతవా?" అంది. కోర్టులో నాకు అంత చిన్న వాదనతో ఎవరూ జవాబు చెప్పలేదు.

చివరి పోటీ కోదాడలో జరిగింది. చివరిదని ఆమే చెప్పింది. మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కనివ్వడం లేదు. కళ్ళలో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోమంటే రేపు మాపు అంటోంది. దీపం కింద కూర్చోబెడితేనే ముక్కలు సర్దుకోగలుగుతోంది. ఈసారి కూడా గెలవకపోతే ఇక గెలిచేది లేదు. ఆ సంగతి ఆమె అనలేదు, నేనూ అనలేదు.

ఆఖరి ఆట వచ్చేసరికి రెండు జట్లూ దాదాపు సమానం. బావగారు మామూలుగానే మూడు నో ట్రంప్ పాడాడు. తొలి ముక్క మేడందే. మిల్లు గుమాస్తాలు, మిర్యాలగూడ జట్టు, అందరూ బల్ల చుట్టూ చేరారు. కళ్ళజోడు తుడిచింది. పాట మళ్ళీ చెప్పించుకుంది. బొటనవేలు ఎడమ చివర నుంచి బయల్దేరింది. ఆమె కళావర్లు ఎప్పుడూ ఎడమ చివర పెట్టుకుంటుందని మూడు ఊళ్ళకూ తెలుసు. బావగారు వెనక్కి వాలి, "కళావరేనండీ," అన్నాడు బావమరిదితో, అందరికీ వినబడేట్టు. నా చేతిలో కళావర్లు దిక్కుమాలినవి. ఒక్క డైమండ్ ఆసు తప్ప ఉన్నదంతా ఇస్పేట్లలో ఉంది, రాజు, రాణి, పది, తొమ్మిది, అయిదు. ఎవరన్నా ఇస్పేటు వేస్తే బాగుండునని దేవుణ్ణి అడిగాను. మేడం ఉండగా దేవుడు మాత్రం ఏం చేస్తాడు.

ముక్క బోర్లా పెట్టింది. అడిగేదేమన్న ఉన్నదా అంది. లేదన్నాను. తిప్పింది.

ఇస్పేటు ఆరు.

బావగారి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. మేడం ఆ ముక్క వైపు చూసింది, చేతిలో ముక్కల వైపు చూసింది, కళ్ళజోడు సవరించుకుంది. అంతే. ఆ తర్వాత నాకు పట్టలేని ఉత్సాహం వచ్చింది. రాణితో మొదటి పట్టు పట్టాను, రాజుతో రెండోది. మూడోసారి ఆయన ఆసు వేయక తప్పలేదు. తర్వాత తొమ్మిది పట్లు పూర్తి చేసుకోవాలంటే ఆయన నా డైమండ్ ఆసును బయటికి లాగాలి. లాగాడు. ఆ పట్టు నాది కాబట్టి తర్వాతి ముక్క వేసే వంతూ నాదే, మిగిలిన రెండు ఇస్పేట్లూ బల్ల మీద కొట్టాను. ఆయన ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. షీల్డు మాది.

జనం చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళూ సూత్రం సూత్రం అని మమ్మల్ని నమ్మించి, ఆఖరి ఆటలో ఎంత దెబ్బ కొట్టిందని మిర్యాలగూడ వాళ్ళు పొంగిపోయారు. వాళ్ళ ఊరి మనిషే కదా. నేను కూడా నా వాదన ఎట్టకేలకు గెలిచిందని లోలోపల మురిసిపోతున్నాను. అప్పుడు మేడం లేచి నిలబడి, ప్రార్థన గంట కొట్టినట్టు బల్ల మీద తట్టింది.

"నేనేం తెలివి జేయలేదు. రెండూ నల్లయే గద, నా కండ్లకు కనపడక ఇస్పేట్ ఆరును కళావర్లల్ల పెట్టుకున్న. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు అని లెక్కబెట్టి నాలుగోది ఏసిన. గిది నా పొరపాటు. షీల్డ్ మీకే తీస్కోండ్రి."

గదిలో అందరూ గొల్లున నవ్వారు. మేడం వినయానికి నవ్వు. ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ నవ్వారు. పొరపాటున పడ్డా చెల్లుతుంది, ఆ ముక్క ఆమె చేతిలోదే, వేసే వంతు ఆమెదే అని నేను రూలు చెప్పాను గానీ ఆమెకు కావలసింది అది కాదు. బావగారి దగ్గరికి వెళ్ళి, "మీరన్న నమ్ముండ్రి," అంది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"చచ్చినా నమ్మనండీ మేడం గారూ. మమ్మల్ని ఊరుకోబెట్టడానికి అంటున్నారు. అంత గొప్ప ముక్క నా జన్మలో చూళ్ళేదు."

జీవితమంతా నిజం చెప్పి, అందరిచేతా నమ్మించుకున్న మనిషి. ఆ ఒక్కరోజు ఆమె నిజం ఎవరికీ అక్కర్లేకపోయింది. షీల్డు బలవంతంగా చేతిలో పెట్టారు. కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు ఎక్కిస్తుంటే నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం దాచుకుందామన్నా దాగడం లేదు, అందుకు సిగ్గూ పడుతోంది.

"నువ్వు నమ్మినవా?"

నేను నమ్మానన్నాను. నిజంగానే నమ్మాను. ఆమె నాకెప్పుడూ తప్పు ముక్క చెప్పలేదు.

"అయితే నేను లేనినాడు ఎవలన్న దీన్ని గొప్పగ జెప్తే, నువ్వు లేచి సరిజెయ్యాలె. పార్ట్‌నర్‌వు గద."

బుధవారం కూడికకు వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేశారు. బల్ల మీద ఆమె ఫోటో, పక్కన షీల్డు. పాస్టరు గారు వాక్యం చదివి, ఎవరైనా రెండు మాటలు చెప్పాలనుకుంటే చెప్పమన్నారు. ఆమె దగ్గర చదువుకొని టీచర్లయినవాళ్ళు ఇద్దరు మాట్లాడాక కోదాడ బావగారు లేచాడు. బావమరిదితో కలిసి పొద్దున్నే వచ్చాడట. ఆట తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు ఆ ఇస్పేటు ఆరు కథంతా చెప్పాడు. అంత తెలివైన మనిషిని చూడలేదని, ఓడిపోయినందుకు గర్వంగా ఉందని చెప్పి కూర్చున్నాడు. మేడం చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

నాకు లేవక తప్పలేదు. పార్ట్‌నర్ చెప్పమన్న మాట చెప్తున్నానని మొదలుపెట్టి, శుక్లాల సంగతి, రెండు నల్ల రంగులు కలిసిపోయిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఆ రోజు కూడా సూత్రం తప్పలేదని, నాలుగో ముక్కే వేసిందని చెప్పాను. షామియానా కింద సన్నగా నవ్వులు లేచాయి, మంచి నవ్వులే. బావగారు మాత్రం తల వంచుకొని కూర్చున్నాడు. ఆయన్ని అబద్ధాలకోరును చేశానేమో అనిపించి నాకు ఇబ్బందైంది.

భోజనాల దగ్గర నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమీ అనుకోవద్దని, అది ఆమె కోరిక అని చెప్పబోయాను. ఆయన విస్తరి వైపు చూస్తూనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు ఆ రోజే తెలుసండీ లాయరు గారూ. ఆవిడ బొటనవేలు కళావర్లలోనే లెక్కపెట్టింది, నాలుగో దగ్గర ఆగింది. తిప్పితే ఇస్పేటు. ఇంక తెలియనిదేముందండీ."

"మరి చచ్చినా నమ్మనన్నరు గద అందరి ముందట?"

"నమ్మానంటే షీల్డు నా చేతిలో పెట్టి వెళ్ళిపోద్దండీ ఆవిడ. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాం, ఆ ఒక్క గెలుపు కోసం." నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండా మళ్ళీ దించాడు. "మా బావమరిదికి కూడా చెప్పలేదు. ఇవాళ ఆవిడ వాళ్ళంతా వింటున్నారు కదా, ఇవాళ మాత్రం ఎందుకులే అనుకున్నా. మీరు లేచారు."

పెరుగు వడ్డించేవాళ్ళకు అడ్డంగా ఇద్దరం అలాగే కూర్చున్నాం. మేడం ఆ అబద్ధం తెలుసుకోకుండానే పోయినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తెలిసి ఉంటే ఆమె ఏం చేసేదో నాకు బాగా తెలుసు. మోకాళ్ళ నొప్పులు కూడా చూసుకోకుండా, మర్నాడు పొద్దున్నే షీల్డు చంకన పెట్టుకొని కోదాడ బస్సు ఎక్కేది.